యాభై దాటాక పోస్టల్ డెలివరీలో చేరాలంటే: లెక్క వెనక నుంచి వేసుకోండి

పిల్లల స్పాన్సర్‌షిప్ మీద గ్రీన్‌కార్డుతో వచ్చినవాళ్లు, ఏళ్ల తరబడి గ్యాస్ స్టేషన్లలో, కిరాణా స్టోర్లలో చేసి అలసినవాళ్లు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది: యాభై రెండు, యాభై మూడేళ్ల వయసులో అమెరికా పోస్టల్ సర్వీసులో ఉత్తరాలు, పార్సెళ్లు పంచే ఉద్యోగంలో చేరితే పెన్షన్ వస్తుందా? వస్తుంది. అయితే పెన్షన్ గడియారం మీరు చేరిన రోజున మొదలవదు, పర్మనెంట్ అయిన రోజున మొదలవుతుంది. ఈ తేడా తెలియక తప్పు పోస్టు ఎంచుకుంటే నాలుగైదేళ్లు పోతాయి. ఈ వయసులో అవి తిరిగి రావు.

ముందు అర్హత సంగతి. పౌరసత్వం లేదా గ్రీన్‌కార్డు ఉండాలి. హెచ్‌4 ఈఏడీ (హెచ్‌1బీ వారి జీవిత భాగస్వామికి ఇచ్చే పని అనుమతి) మీద కుదరదు. నేపథ్య పరిశీలనలో గత ఐదేళ్ల నివాసం అడుగుతారు. ఏడాదికి ఆరు నెలలు హైదరాబాదులోనో విజయవాడలోనో గడిపేవారి దరఖాస్తు ఇక్కడే ఆగిపోవచ్చు. వాహనం నడిపే పోస్టులకు రెండేళ్ల డ్రైవింగ్ అనుభవం కావాలి, అదీ అమెరికా రోడ్ల మీదే. ఇండియాలో ముప్పై ఏళ్లు కారు నడిపినా లెక్కలోకి రాదు. అందుకే దేశానికి వచ్చిన మొదటి నెలల్లోనే లైసెన్సు తీసుకోండి. దరఖాస్తు చేశాక 474 నంబరు ఆన్‌లైన్ పరీక్ష ఉంటుంది. అందులో లెక్కలూ వ్యాకరణమూ కాదు, పని తీరు మీద ప్రశ్నలు. నిజాయితీగా, తొందరపడకుండా రాయండి. లింకు వచ్చాక గడువు మూడు రోజులే ఉంటుంది కాబట్టి ఈమెయిల్ రోజూ చూసుకోవాలి.

ఇక పోస్టుల తేడా. సీసీఏ అంటే నగరాల్లో ఉత్తరాలు పంచే అసిస్టెంటు క్యారియరు, ఇంకా పర్మనెంట్ కానివారు. నగర క్యారియర్ల యూనియన్ ఒప్పందం ప్రకారం 24 నెలలు పూర్తయితే సీసీఏలు పర్మనెంట్ అవుతారు. ఖాళీలు ఉన్నచోట అంతకన్నా ముందే అవుతారు. ఆర్‌సీఏ అంటే గ్రామీణ రూట్లలో రెగ్యులర్ క్యారియరు సెలవు పెట్టిన రోజున చేసే మనిషి. ఇందులో అలాంటి గడువు లేదు. ఆ ఆఫీసులో ఎవరో రిటైరైతేనే వరుస ముందుకు జరుగుతుంది, దానికి ఏళ్లు పట్టవచ్చు. ముప్పై ఏళ్ల కుర్రవాడికి ఫరవాలేదు గానీ యాభై మూడేళ్ల మనిషికి ఆర్‌సీఏ సరిపడదని మా గట్టి అభిప్రాయం. కొన్ని ఆఫీసులు పీటీఎఫ్ (పార్ట్ టైం ఫ్లెక్సిబుల్) పేరుతో మొదటిరోజు నుంచే కెరీర్, అంటే పర్మనెంట్ ఉద్యోగంగా తీసుకుంటాయి. అది దొరికితే ముప్పై మైళ్లు ఎక్కువ నడిపైనా వెళ్లండి. ప్రకటనలో 'కెరీర్', 'నాన్ కెరీర్' అన్న మాట ఎక్కడుందో చూడకుండా దరఖాస్తు పెట్టకండి.

సీసీఏగా గడిపిన కాలం ఫెర్స్ (ఫెడరల్ ఉద్యోగుల రిటైర్మెంటు పథకం) పెన్షన్‌లో కలవదు. సోషల్ సెక్యూరిటీ క్రెడిట్లు మాత్రం మొదటి జీతం నుంచే పడతాయి. 2025లో 1,810 డాలర్ల సంపాదనకు ఒక క్రెడిట్, ఏడాదికి గరిష్ఠంగా 4. మొత్తం 40 ఉంటే సోషల్ సెక్యూరిటీ పెన్షన్‌తో పాటు 65 ఏళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్‌లో ఆసుపత్రి ఖర్చుల భాగం, పార్ట్ ఎ, ఉచితం. 30 కన్నా తక్కువుంటే 2025 ధరల్లో దానికే నెలకు 518 డాలర్లు కట్టాలి. భార్యాభర్తల్లో ఒకరికి 40 ఉంటే రెండోవారికి కూడా ఆ దారి తెరుచుకుంటుంది. చేతికి నగదు జీతం తీసుకుని పన్ను కట్టని ఏళ్లు ఈ లెక్కలో సున్నా. భారత్‌తో అమెరికాకు సోషల్ సెక్యూరిటీ ఒప్పందం లేదు కనుక అక్కడి ఈపీఎఫ్ సర్వీసు కూడా ఇక్కడ కలవదు.

పెన్షన్ ఎంత వస్తుంది? వరుసగా మూడేళ్ల అత్యధిక సగటు మూలవేతనంలో, కెరీర్ సర్వీసు ఏడాదికి ఒక శాతం. 53కి చేరి, 55కి పర్మనెంట్ అయి, 62కి దిగిపోతే ఏడేళ్లు. సగటు 60,000 అనుకుంటే ఏడాదికి 4,200, అంటే నెలకు 350 డాలర్లు. అదే 67 దాకా చేసి, సగటు 65,000 అయితే నెలకు 650. ఓవర్‌టైం ఎంత చేసినా ఈ సగటులోకి రాదు. దీనికి తోడు టీఎస్‌పీ అనే రిటైర్మెంటు పొదుపు ఖాతా ఉంది. పర్మనెంట్ అయ్యాక జీతంలో 5 శాతం మీరు వేస్తే సంస్థ మరో 5 శాతం వేస్తుంది. ఆ 5 శాతాన్ని ఏ కారణంతోనూ తగ్గించుకోవద్దు.

నిజం చెప్పాలంటే ఆలస్యంగా చేరేవారికి పెన్షన్ కన్నా విలువైనది రిటైరయ్యాక కొనసాగే ఆరోగ్య బీమా. తప్పులు జరిగేది కూడా ఇక్కడే. 2025 జనవరి నుంచి పోస్టల్ ఉద్యోగులకు పీఎస్‌హెచ్‌బీ అనే ప్రత్యేక పథకం వచ్చింది. రిటైర్మెంటుకు ముందు వరుసగా ఐదేళ్లు, లేదా మొదటి అవకాశం వచ్చినప్పటి నుంచి, అందులో ఉంటేనే తర్వాత కొనసాగుతుంది. పర్మనెంట్ అయిన 60 రోజుల్లో చేరాలి. జీవిత భాగస్వామి కంపెనీ బీమా ఉంది కదా అని వదిలేసి, 60 ఏళ్లప్పుడు చేరితే 65 దాకా ఆగాల్సి వస్తుంది.

ఇంకొకటి. 62 నిండి, ఐదేళ్ల కెరీర్ సర్వీసుతో ఉద్యోగంలో ఉండగా రిటైరైతే బీమా మీతో వస్తుంది. పదేళ్ల సర్వీసు లేనివారు ఒళ్లు సహకరించక 61 ఏళ్ల 10 నెలలకు రాజీనామా ఇస్తే, 62కి పెన్షన్ మొదలవుతుంది గానీ బీమా శాశ్వతంగా పోతుంది. రెండు నెలల తేడాతో చేజారే బీమా అది. అలాంటి స్థితి వస్తే రాజీనామా రాయకండి, సిక్ లీవు, జీతం లేని సెలవు, తేలిక పని అడిగి 62 దాటించుకోండి. 2025 జనవరి 1 తర్వాత రిటైరయ్యేవారిలో చాలామంది 65 వచ్చాక మెడికేర్‌లో డాక్టరు ఖర్చుల భాగమైన పార్ట్ బి కూడా తీసుకుంటేనే ఈ బీమా నిలుస్తుంది. 2025లో దాని మామూలు ప్రీమియం నెలకు 185 డాలర్లు. ఇండియాలో స్థిరపడదామనుకునేవారికి మెడికేర్ అక్కడ పనిచేయదని కూడా ముందే తెలియాలి.

పని ఎలా ఉంటుందో దాచకుండా చెప్పాలి. పొద్దున ఉత్తరాలను కేసు అనే అరల స్టాండులో చిరునామాల వారీగా సర్ది, కట్టలు కట్టి, ట్రేలు, పార్సెళ్లు బండిలో ఎక్కించి బయల్దేరాలి. బండి ఆపి వీధి చుట్టూ తిరిగివచ్చే రూట్లలో రోజుకు 8 నుంచి 12 మైళ్ల నడక. సంచి బరువు 35 పౌండ్ల దాకా, అంటే 16 కిలోలు. పార్సెల్ 70 పౌండ్ల దాకా ఉండొచ్చు. సీసీఏకు ఆదివారాలూ పార్సెళ్ల పని పడుతుంది, థాంక్స్‌గివింగ్ నుంచి క్రిస్మస్ దాకా చీకటి పడ్డాక కూడా రోడ్డు మీదే. సెలవు 20 గంటల పనికి ఒక గంట చొప్పున పోగవుతుంది. కాబట్టి మొదటి రెండేళ్లలో నెల రోజుల ఇండియా ప్రయాణం, మేనకోడలి పెళ్లికి పదిహేను రోజులు, ఇవి కుదరవని ఇంట్లో ముందే చెప్పుకోండి.

చేరడానికి రెండు నెలల ముందే ఒళ్లు సిద్ధం చేసుకోవాలి. 10 పౌండ్ల సంచితో 3 మైళ్లు మొదలుపెట్టి, వారానికి కొంచెం పెంచుతూ 20 పౌండ్లతో 8 మైళ్లకు రండి. మెట్లెక్కి దిగడం తప్పనిసరిగా చేయండి, మోకాలి బలహీనత బయటపడేది దిగేటప్పుడే. చెప్పుల సంగతి చిన్నది కాదు: జారని సోలు, మడమకు గట్టి ఆధారం ఉన్న బూట్లు రెండు జతలు కొని రోజు మార్చి రోజు వేయండి. ఉదయం మొదటి అడుగులోనే మడమ కింద పోటు పొడిస్తే ఆ వారమే డాక్టరును కలవండి. భుజం సంచి ఎప్పుడూ ఒకవైపే వేసుకోకండి, రెండు పట్టీల సంచి అడగండి.

షుగరు ఉన్నవారు మాత్రలు, ఇన్సులిన్ మోతాదు గురించి చేరకముందే డాక్టరుతో మాట్లాడాలి. కూర్చునే మనిషికి సరిపడిన మోతాదు రోజంతా నడిచే మనిషికి షుగరు పడిపోయేలా చేయవచ్చు. జేబులో గ్లూకోజ్ మాత్రలు ఉంచుకోండి, రాత్రి అరికాళ్లు చూసుకోండి. పాత ఎల్‌ఎల్‌వీ బళ్లకు, అంటే పోస్టల్ డెలివరీ వ్యాన్లకు, ఏసీ లేదు. ఎండాకాలం మధ్యాహ్నానికి అందులో ఇన్సులిన్ పాడవుతుంది, పెరుగన్నమూ పులిసిపోతుంది. ఐస్ డబ్బా కొనుక్కోండి.

ఎల్‌ఎల్‌వీలో స్టీరింగు కుడివైపు ఉంటుంది. మన ఊళ్లో నడిపినవారికి కూర్చోగానే చేతులు గుర్తుపడతాయి, అదే ప్రమాదం: రోడ్డు మాత్రం ఇక్కడి కుడివైపు రోడ్డే. ఆగిన ప్రతిసారీ గేరు 'పార్క్'లో వేసి, చక్రాలు పేవ్‌మెంటు వైపు తిప్పి, హ్యాండ్‌బ్రేకు లాగి, ఇంజను ఆపి తాళం తీయాలి. బండి తనంతట తాను దొర్లితే ప్రొబేషన్‌లో ఉన్నవారి ఉద్యోగం దాదాపు పోయినట్టే. ప్రొబేషన్ 90 పనిదినాలు లేదా 120 క్యాలెండరు రోజులు, ఏది ముందైతే అది. ఆ సమయంలో తీసేస్తే యూనియన్ చేయగలిగింది తక్కువ. ఆలస్యంగా రావడం, బండి ప్రమాదాలు, దెబ్బలు, ఎంతకీ పుంజుకోని వేగం, వీటివల్లే ఎక్కువమంది బయటికి వెళ్తారు. వేగం కోసం పచ్చిక మీదుగా అడ్డంగా నడవకండి, గుంతలు, నీళ్ల పైపులు కనబడవు. మెట్లెక్కుతూ ఉత్తరాలు చూడకండి. కుక్క ఎదురైతే పరుగెత్తక, సంచిని అడ్డంపెట్టి వెనక్కి అడుగులు వేయండి.

దెబ్బ తగిలితే 'రేపటికి తగ్గుతుందిలే' అనుకోవడం మనవాళ్లకు అలవాటు. ఆరోజే సూపర్‌వైజరుకు చెప్పి సీఏ-1 ఫారం నింపండి. 30 రోజుల్లోపు వేస్తేనే, మొదటి మూడు రోజులు పోయాక, 45 రోజుల దాకా జీతం కొనసాగే వీలుంటుంది. నెలల తరబడి అరిగిన మోకాలు, భుజం లాంటివాటికి ఫారం వేరు, సీఏ-2. రెండూ కార్మిక శాఖ వారి ఈకాంప్ వెబ్‌సైటులో మీరే నింపవచ్చు. నింపిన ప్రతి ఫారానికీ, డాక్టరు ఇచ్చిన ప్రతి కాగితానికీ ఒక నకలు ఇంట్లో పెట్టుకోండి.