ఆరేదాకా ముట్టుకోకు

చిరంజీవి బంగారుతల్లికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు నీటిరంగులు మొదలుపెడుతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఇంటి పని, ఆఫీసు పని అయ్యాక కూడా బొమ్మలు వెయ్యాలనిపించిందంటే చాలా గర్వంగా అనిపించింది. అంతటితో ఊరుకోకుండా, "దానికి గియ్యడం రాదు కదా, అందుకే లూజ్ వాటర్‌కలర్ అంటోంది, అదైతే తేలికట" అన్నాడు. అప్పట్నుంచీ నాకు టెన్షన్ పట్టుకుంది.

తేలికని నీకెవరు చెప్పారే? వివరాలు గియ్యకుండా నీళ్లలో రంగు పారనిచ్చి వేస్తారు గనక చూడ్డానికి నాలుగు మరకలే. ఆ నాలుగూ ఎక్కడ పడాలో మాత్రం వేసేవాడికి ముందే తెలిసుండాలి. అమెరికన్ చిత్రకారుడు సార్జెంట్ వేసిన వెనిస్ కాలువల బొమ్మలు చూడు. పడవ అంచు ఒక్క ఊపులో వచ్చినట్టుంటుంది. ఏళ్ల తరబడి ఆయిల్ రంగుల్లో మనుషుల ముఖాలు వేసి వేసి చూపుకి సాన పెట్టుకున్న మనిషి ఆయన. కాబట్టి రోజూ ఏదో ఒకటి పెన్సిల్‌తో గియ్యి. ఆ సంగతి అంతే, మళ్లీ చెప్పను.

డబ్బు పెట్టేదేదో కాగితం మీద పెట్టు. నూరు శాతం కాటన్, 300 జీఎస్‌ఎం (అంటే మందంగా ఉండేది), కోల్డ్ ప్రెస్ (అంటే కాస్త గరుకుగా ఉండేది). పల్చటి కాగితం నీళ్లు పడగానే ఉబ్బుతుంది, రంగంతా పల్లాల్లోకి చేరుతుంది, నువ్వేమో నీకే చేతకాలేదనుకుంటావు. బ్రష్‌లు రెండు చాలు: మొన బాగా నిలిచే 12 నంబరు రౌండ్ ఒకటి, నీళ్లు బాగా పట్టే, కుచ్చులాంటి మాప్ బ్రష్ ఒకటి. సన్న బ్రష్ కొనొద్దు. కొన్నావంటే దాంతో ఆకు ఆకూ వేస్తూ కూర్చుంటావు.

రంగులు కూడా నాలుగైదుతో మొదలుపెట్టు. అల్ట్రామెరైన్ అనే నీలం, బర్న్ట్ సియన్నా అనే గోధుమ, రెండూ కలిపితే ఎన్ని రకాల బూడిదరంగులు వస్తాయో! ఒకటి కాస్త ఎక్కువైతే గోధుమ వైపు, ఇంకోటి ఎక్కువైతే నీలం వైపు. నలుపు కొనే పనే లేదు. ఎరుపు కొనేటప్పుడు మాత్రం ట్యూబు మీద పిగ్మెంట్ నంబరు, అంటే లోపల ఏ రంగుపొడి ఉందో చెప్పే నంబరు, చదువు. అసలు అలిజరిన్ క్రిమ్సన్, అంటే పీఆర్ 83, వెలుతురుకి వెలిసిపోతుంది. పీవీ 19 ఉన్న క్వినాక్రిడోన్ రంగులు నిలుస్తాయి. ఇంగ్లండ్ చిత్రకారుడు టర్నర్ అంతటివాడు నిలవని ఎరుపులు వాడితే, ఆయన ఆకాశాలు కొన్ని ఇవాళ వేసినప్పటి రంగులో లేవు.

ఇంకోటి, చిన్నప్పుడు పెన్సిల్ కొన నోట్లో పెట్టుకునే అలవాటుండేది నీకు. బ్రష్ మొన సర్దడానికి నోట్లో పెట్టావో, అక్కడికే వచ్చి తంతాను. కాడ్మియం, కోబాల్ట్ కలిసిన రంగులుంటాయి వాటిలో. రంగు నీళ్ల గ్లాసు పక్కన తాగే గ్లాసు పెట్టుకోకు.

ఇప్పుడు అసలు సంగతి. మీ నాన్న నీకు చెప్పి ఉండడు గానీ, వాడూ వేసేవాడు. నాకంటే బాగా వేసేవాడు.

ఒకసారి వానకి ముందు ఆకాశం మొదలుపెట్టాడు. బోర్డు కాస్త వాలుగా పెట్టి, కాగితం పై సగం బాగా తడిపి, చిక్కటి బూడిదరంగు పైనుంచి వదిలాడు. అది దానంతటదే కిందికి జారుతూ, అంచులు విచ్చుకుంటూ మేఘమైపోయింది. అల్ట్రామెరైన్ రేణువులు కాగితం గుంటల్లో దిగి, మేఘం అడుగున వాన అప్పుడే కురుస్తున్నట్టు కనబడుతోంది. పక్కనే నిలబడ్డ నాకు నోట మాట రాలేదు. వాడు మాత్రం "ఈ మూల కాస్త పాలిపోయిందిరా అన్నయ్యా" అన్నాడు.

నీటిరంగు ఆరితే ఎలాగూ ఒక మెట్టు పాలిపోతుంది. అందుకే తడిలో ఉన్నప్పుడే కాస్త ఎక్కువనిపించేంత చిక్కగా వెయ్యాలి. ఆ సంగతి వాడికి తెలుసు. తెలిసీ, సగం ఆరిన మేఘంలో నీళ్లోడే బ్రష్ పెట్టాడు. ఆ నీళ్లు చుట్టూ ఉన్న రంగుని తోసుకుంటూ పోయి, చివర ముడతలు ముడతలుగా గట్టు కట్టాయి. దీన్నే కాలీఫ్లవర్ అంటారు. కంగారుపడి టిష్యూతో అద్దాడు, తెల్లమచ్చ పడింది. మచ్చ మీద మళ్లీ రంగు. మళ్లీ టిష్యూ. కాగితం పైపొర నూగు లేచిపోయింది. దాని మీద తెల్ల గ్వాష్, అంటే కింది రంగుని కప్పేసే చిక్కటి రంగు, పులిమాడు. ఆఖరికి నల్ల పెన్ను తీసుకుని మేఘం చుట్టూ గీత గీశాడు. మేఘానికి గీతేమిట్రా అంటే పలకలేదు. ఆ రంగుల పెట్టె మళ్లీ తెరవనూ లేదు.

బొమ్మ పాడైందని కాదు. అంతకుముందు ఎన్ని పాడుచేసి నవ్వుకున్నాడో! బంగారంలాంటి దాన్ని తన చేత్తో తానే పాడుచేసుకున్నానన్నది వాడికి మింగుడుపడలేదు.

నీదీ అదే చెయ్యి, తల్లీ. హోంవర్క్‌లో ఒక్క అక్షరం నచ్చకపోతే చెరిపి చెరిపి పేజీకి చిల్లు పెట్టేదానివి. ఏడుస్తుంటే ఆ చిల్లుకి వెనకనుంచి కాగితం అతికించిపెట్టింది నేనే. నా భయమంతా అక్కడే ఉంది.

కాబట్టి ఇది జాగ్రత్తగా చదువు. రంగు వేశాక కాగితాన్ని పైనుంచి కాదు, పక్కనుంచి వెలుతురు తగిలేలా చూడు. నీళ్లు తళతళా మెరుస్తుంటే ఇంకా రంగు వదలొచ్చు, అది హాయిగా పరుచుకుంటుంది. మెరుపు తగ్గి సన్నటి నిగారింపు మాత్రమే ఉంటే బ్రష్‌లో రంగు చిక్కగా ఉండాలి, కాగితం మీదున్న తడికంటే బ్రష్‌లో తడి తక్కువ ఉండాలి. మెరుపు పూర్తిగా పోయి, చేతి వెనకవైపు ఆనిస్తే ఇంకా చల్లగా తగులుతోందా, ఇక ముట్టుకోకు. మీ నాన్న బ్రష్ పెట్టింది సరిగ్గా ఆ దశలోనే. చల్లదనం పోయాకే రెండో పొర. ఆగలేకపోతే పక్కన ఇంకో కాగితం పెట్టుకుని దాని మీద వెయ్యి. నేనిప్పటికీ అలాగే చేస్తాను, లేకపోతే నా చెయ్యి కూడా ఊరుకోదు. ఎప్పుడైనా మరక పడితే వెంటనే తుడవకు. ఆరాక చూస్తే అక్కడో పొద కనబడొచ్చు.

కళ్లు చికిలించి చూడ్డం అలవాటు చేసుకో. వివరాలు పోయి వెలుగు, మధ్యరకం, చీకటి మూడే మిగులుతాయి. వాటిని అగ్గిపెట్టంత గడిలో పెన్సిల్‌తో ముందు వేసుకో. తెలుపంటే కాగితమే గనక ఎక్కడ వదిలెయ్యాలో అక్కడే తేల్చుకోవాలి. చెట్టు నీడ, గోడ నీడ పక్కపక్కన ఉంటే కలిసిపోనీ, మధ్యలో గట్టు కట్టకు.

వీడియోలు చూసి దిగులుపడకు. కొన్ని సాయంత్రాలు బొమ్మే వద్దు. తడి కాగితం మీద రెండు రంగులు వదిలి, అవి ఒకదాన్నొకటి ఎలా కలుస్తాయో చూస్తూ కూర్చో. నాకైతే ఈ వయసులో కూడా అదే అన్నిటికంటే ఇష్టం. ప్రతిదీ స్టేటస్‌లో పెట్టి ఎంతమంది చూశారని లెక్క పెట్టకు. నాకు పంపు, చాలు. దిద్దకుండా పంపు.

మీ నాన్న వచ్చినప్పుడు టేబుల్ మీద ఇంకో కాగితం, ఇంకో బ్రష్ ఉంచు. వెయ్యమని అడక్కు, అడిగితే వెయ్యడు. నల్ల పెన్ను మాత్రం దాచెయ్.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న

తా.క. బ్రష్‌లు గ్లాసులో నిలబెట్టి మర్చిపోకు, మొన వంకరపోతుంది. కడిగి అడ్డంగా పడుకోబెట్టు.