గన్ను చివర కొందువుగాని

చిన్నా,

ఆశీస్సులు. నువ్వు రాత్రి పంపిన ఎయిర్‌సాఫ్ట్ గన్ను, అదే ప్లాస్టిక్ ఉండలు కాల్చే ఆట తుపాకీ, ఫోటోలు చూశాను. పైన స్కోపు, కింద గ్రిప్పు, పక్కన లైటు, చూడ్డానికి బ్రహ్మాండంగానే ఉంది. కానీ దీన్ని కొననా అని నువ్వు అడిగిన ప్రశ్నకి జవాబు ఏమిటంటే, ఇప్పుడే కొనకు. చదువుకని టెక్సాస్‌లోని డెంటన్ వచ్చి మూడు నెలలు కాలేదు, ఫీల్డులో ఒక్కసారి అడుగు పెట్టలేదు. ముందు రెండు మూడు ఆటలు అద్దె గన్నుతో ఆడు. పరుగెత్తడం ఇష్టమా, ఒక మూల పొంచి ఉండడం ఇష్టమా, ఇండోర్ నచ్చుతుందా, చెట్ల మధ్య నచ్చుతుందా అన్నది ఆడితేనే తెలుస్తుంది. పదకొండేళ్ళుగా ఆడుతున్నాను కాబట్టి చెబుతున్నాను. మొదటి నెలలోనే ఖరీదైన గన్ను కొన్న కుర్రాళ్ళలో చాలామంది ఏడాది తిరక్కుండా దాన్ని సగం ధరకి అమ్ముకున్నారు.

డబ్బు పెట్టాల్సిన వరస వేరే ఉంది. ముందు కళ్ళు, తర్వాత నోరు, తర్వాత కాళ్ళు. గన్ను ఆ తర్వాతే.

సర్వేంద్రియాణాం నయనం ప్రధానం అని మీ తాతయ్య ఎన్నిసార్లు అనేవారో నీకు గుర్తుండే ఉంటుంది. బీబీ అంటే 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ఉండ, కందిగింజంత. గన్నులోంచి బయటికి వచ్చేటప్పుడు సెకనుకు 350, 400 అడుగుల వేగంతో వస్తుంది. చేతికి తగిలితే ఎర్రటి మచ్చ పడి రెండు రోజుల్లో పోతుంది. కంటికి తగిలితే చూపే పోవచ్చు. అందుకే ఫీల్డులో దిగాక కళ్ళకున్న రక్షణ తీయడం అన్న మాటే ఉండకూడదు.

నేను మొదట్లో హార్డ్‌వేర్ షాపులో దొరికే సేఫ్టీ గ్లాసెస్ పెట్టుకుని వెళ్ళాను. గట్టివే, దెబ్బకి పగలవు. కానీ చెంపకీ అద్దానికీ మధ్య ఖాళీ ఉంది. ఒక బీబీ నా భుజం పక్కనున్న చెక్కకి తగిలి, వెనక్కి ఎగిరి, సరిగ్గా ఆ ఖాళీలోంచి దూరి కనురెప్ప కింద తగిలింది. కన్ను దక్కింది, అదృష్టం. ఆ రోజు సాయంత్రమే చుట్టూ మూసి ఉండే మాస్కు కొన్నాను. కాబట్టి నువ్వు చూడాల్సినవి రెండు. ఒకటి, అద్దం మీద గానీ ఫ్రేము మీద గానీ ఏఎన్‌ఎస్‌ఐ జెడ్87 ప్లస్ (కళ్ళ రక్షణకి అమెరికా ప్రమాణం) అన్న గుర్తు ఉండాలి. ఆ ప్లస్ గుర్తు ముఖ్యం, వేగంగా వచ్చే దెబ్బకి పరీక్షించారని అర్థం. రెండు, నుదురు, కణతలు, చెంపలు, ముక్కు చుట్టూ ఎక్కడా సందు ఉండకూడదు.

నీకు కళ్ళజోడు ఉంది కాబట్టి నీ ఇబ్బంది ఇంకో రకం. ఆవిరి పడుతుంది. కళ్ళజోడు మీద ఒక పొర, గాగుల్స్ లోపల ఇంకో పొర. ఎదురుగా మనిషి ఉన్నాడో చెట్టు ఉందో తెలియదు. ఆ చిరాకులో చెయ్యి దానంతటదే మాస్కు పైకెత్తడానికి వెళుతుంది. ప్రమాదం జరిగేది అప్పుడే. అందుకని రంగు ఉండలతో ఆడే పెయింట్‌బాల్ వాళ్ళు వాడే రెండు పొరల థర్మల్ లెన్సు ఉన్న మాస్కు తీసుకో. రెండు అద్దాల మధ్య గాలి ఉంటుంది కాబట్టి ఆవిరి చాలా తక్కువ పడుతుంది. ఆన్‌లైన్‌లో కొనకు, షాపుకి వెళ్ళు. నీ కళ్ళజోడు మీదే మాస్కు తొడుక్కుని, పట్టీ బిగించి, అక్కడే ఓ పది గుంజీలు తియ్యి. ఎవరేమనుకుంటారో అని మొహమాటపడకు. కణతల దగ్గర కళ్ళజోడు కాడలు నొక్కుతున్నా, లోపల తెల్లగా ఆవిరి కనిపిస్తున్నా అది నీకు పనికిరాదు. 60 నుంచి 100 డాలర్ల దాకా అవుతుంది. ఈ ఒక్కదానికి బేరం చూసుకోకు.

ఇనుప వల గాగుల్స్ కొనమని చాలామంది చెబుతారు, ఆవిరి అస్సలు పట్టదని. నిజమే, పట్టదు. కానీ నాసిరకం బీబీ ఆ వలకి తగిలి పగిలితే, ఆ ముక్కలు లోపలికి వస్తాయి. నోటికీ చెంపలకీ వల మాస్కు మంచిదే, గాలి ఆడుతుంది. కళ్ళకి మాత్రం వద్దు.

నోటి సంగతి తేలిగ్గా తీసుకోకు. మాతో ఆడే ఒకాయనకి ముందు పన్ను మూల విరిగింది. కళ్ళకి అంత మంచి గాగుల్స్ పెట్టుకుని, కింద ఏమీ లేకుండా వచ్చాడు. దానికి క్యాప్ వేయించుకోవడానికి పెట్టిన డబ్బుతో రెండు గన్నులు వచ్చేవి. స్టూడెంట్ ఇన్సూరెన్స్‌లో పళ్ళ కవరేజీ చాలాసార్లు ఉండదు, నీది ఒకసారి చూసుకో. నేను చెప్పిన పెయింట్‌బాల్ మాస్కు అయితే మొహమంతా కప్పుతుంది కాబట్టి ఈ బెంగ ఉండదు.

కాళ్ళకి చీలమండ పైదాకా వచ్చే హైకింగ్ బూట్లు. రన్నింగ్ షూస్‌తో దిగి తడి ఆకుల మీద కాలు మెలిపడి నేను ఆరు వారాలు కుంటుతూ తిరిగాను. పొడుగు చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు, మోకాళ్ళకి ప్యాడ్లు, ఒక జత గ్లౌజులు. ఇక్కడి అడవుల్లో పాయిజన్ ఐవీ అనే మొక్క ఉంటుంది, మూడేసి ఆకుల గుత్తులు. అది ఒంటికి రాసుకుంటే వారం రోజులు దురదతో నిద్ర ఉండదు. కాపర్‌హెడ్ పాములు ఎండుటాకుల రంగులోనే ఉంటాయి, చూడకుండా పొదలో చెయ్యి పెట్టకు. సైన్యం వాళ్ళలాగా ప్లేట్ క్యారియర్, అదే రక్షణ పలకలు పెట్టే బరువైన జాకెట్టు, వేసుకోవాలని నీకు ఉందని తెలుసు. జూలైలో టెక్సాస్ ఎండ 38 డిగ్రీలు దాటుతుంది. ఆ బరువు మోస్తూ పరుగెత్తితే మధ్యాహ్నానికే కళ్ళు తిరుగుతాయి. మూడు నాలుగు మ్యాగజైన్లు (గన్నుకి తగిలించే బీబీల డబ్బాలు) పట్టే పల్చటి చెస్ట్ రిగ్, అంటే ఛాతీకి కట్టుకునే సంచుల పట్టీ, చాలు. మిగిలిన డబ్బుకి పెద్ద వాటర్ బాటిల్, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు కొనుక్కో.

ఇక గన్ను. మొదటిది బ్యాటరీతో నడిచే ఎం4, అంటే అమెరికా సైన్యపు రైఫిల్ నమూనా, తీసుకో. ఎం4 అందంగా ఉంటుందని కాదు, దాన్ని అందరూ వాడతారు కాబట్టి. నీ మ్యాగజైన్ ఖాళీ అయితే పక్కవాడిది అడగొచ్చు. పాడైతే ఏ షాపులోనైనా స్పేర్ పార్టులు దొరుకుతాయి, బాగుచెయ్యడం తెలిసిన చేతులు ప్రతి ఫీల్డులోనూ ఉంటాయి. జీ అండ్ జీ వాళ్ళ కంబాట్ మెషీన్ రకాలు కొత్తవాళ్ళకి నేను ఎక్కువగా చెబుతుంటాను. ప్లాస్టిక్ బాడీ అయినా లోపలి గేర్‌బాక్సు నమ్మకంగా పనిచేస్తుంది, 200 డాలర్ల చుట్టుపక్కల వస్తుంది. ఏకే ఇష్టమైతే సైమా వాళ్ళవి చూడు. నువ్వు పంపిన ఫోటోలోది మాత్రం పేరు గొప్ప ఊరు దిబ్బ బాపతు. స్కోపూ లైటూ తీసేస్తే లోపల ఏముందో అమ్మేవాడే రాయలేదు. గ్యాస్ పిస్టల్ మీదా మనసు పోతుంది. చలికాలంలో గ్యాస్ ఒత్తిడి పడిపోయి అది నీరసిస్తుంది. రెండో గన్నుగా తీసుకుందువుగాని. స్నైపర్ జోలికి మొదటి ఏడాది వెళ్ళకు.

ఎఫ్‌పీఎస్ (బీబీ సెకనుకు ఎన్ని అడుగులు పోతుందన్న లెక్క) ఎక్కువుంటే దూరం పోతుందని నువ్వు రాశావు. అందరూ పొరబడే చోటు ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. చాలా ఫీల్డుల్లో పొద్దున్నే ఒక బల్ల దగ్గర క్రోనోగ్రాఫ్ పెట్టి గన్ను వేగం చూస్తారు. 0.20 గ్రాముల బీబీతో ఇండోర్‌లో 350, బయట 400 దాటకూడదన్నది మామూలుగా ఉండే నియమం. 400 అంటే దాదాపు 1.5 జౌల్స్ శక్తి. దాటితే ఆ గన్నుతో ఆ రోజు ఆడనివ్వరు. ఈ ఆట పుట్టిన జపాన్‌లో చట్టం పెట్టిన హద్దు 0.98 జౌల్సే. 1991లో టోక్యో మారుయి అనే కంపెనీ తన మొదటి ఎలక్ట్రిక్ గన్నుగా ఫమాస్ అనే ఫ్రెంచి రైఫిల్ నమూనాని తెచ్చింది కూడా ఆ దేశంలోనే. అంత తక్కువ శక్తితోనే వాళ్ళు మనకన్నా గురిగా కొడతారు. ఎందుకంటే దూరం తెచ్చేది హాప్ అప్.

బారెల్ మొదట్లో పైవైపు చిన్న రబ్బరు బుడిపె ఉంటుంది. బీబీ దాన్ని రాసుకుంటూ వెళ్ళేటప్పుడు వెనక్కి తిరుగుతుంది. టేబుల్ టెన్నిస్‌లో చాప్ కొడితే బంతి తేలుతూ పోతుంది చూడు, అలా. ఆ బుడిపె ఎంత నొక్కాలో చిన్న చక్రంతో నువ్వే సరిచేసుకోవాలి. సాయంత్రం ఎండ వాలుగా ఉన్నప్పుడు మొదలుపెట్టు, అప్పుడు తెల్లటి బీబీ గాలిలో స్పష్టంగా కనిపిస్తుంది. హాప్ పూర్తిగా తీసేసి ఒక్కొక్కటిగా కాల్చు. కొద్ది దూరంలోనే ముక్కు వాల్చి నేలకి పడిపోతుంది. చక్రం ఒక్క పన్ను తిప్పి మళ్ళీ కాల్చు. ఇంకో పన్ను. ఒక చోట బీబీ తాడు లాగి కట్టినట్టు తిన్నగా వెళ్ళి, చివర్లో మెల్లగా వాలుతుంది. అక్కడ ఆగు. ఇంకా తిప్పితే ఆకాశంలోకి ఎక్కుతుంది. బీబీ బరువు మారిస్తే ఇదంతా మళ్ళీ చేయాలి. బయట ఆడేటప్పుడు 0.25 లేదా 0.28 గ్రాములవి వాడు, గాలికి అంత తొందరగా పక్కకి పోవు. చవక బీబీల మీద అతుకు గీత కనబడుతుంది, వేలికి తగులుతుంది కూడా. అవి బారెల్‌లో ఇరుక్కుంటాయి. బయటి ఫీల్డుల్లో కొన్నిచోట్ల మట్టిలో కలిసిపోయే బయో బీబీలే వాడనిస్తారు. వాటిని తేమ తగలకుండా దాచుకో.

బ్యాటరీ గురించి చెప్పేది జాగ్రత్తగా చదువు. మీరు నలుగురూ ఉండేది కార్పెట్ వేసిన చెక్క అపార్ట్‌మెంటు. లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ తప్పుగా ఛార్జి చేస్తే అంటుకోవచ్చు. గన్నుతో పాటు ఉచితంగా ఇచ్చే ఛార్జర్‌ని పక్కన పెట్టి, ఒక్కో సెల్లునీ సమానంగా నింపే బ్యాలెన్స్ ఛార్జర్ కొను. 7.4 వోల్టులది చాలు, 11.1 పెడితే దానికి తగ్గట్టు తయారుకాని గేర్‌బాక్సు అరిగిపోతుంది. ఛార్జి పెట్టి పడుకోకు, బయటికి వెళ్ళకు. ఉబ్బిన బ్యాటరీని మళ్ళీ వాడకు. ఆట అయ్యాక గన్నులోంచి తీసెయ్యి, మంటకి తట్టుకునే సంచిలో పెట్టు, ఎండలో కారులో వదలకు. ఇదంతా టెన్షన్ అనిపిస్తే 9.6 వోల్టుల నికెల్ బ్యాటరీతో మొదలుపెట్టు, అది కాస్త ఓపికగల బ్యాటరీ.

మ్యాగజైన్లలో చక్రం తిప్పి నింపే హైక్యాప్ 300 బీబీలు పడుతుంది గానీ నడుస్తుంటే గలగలమంటుంది, పొదలో దాక్కున్న లాభం పోతుంది. నూరూ నూట ఇరవై పట్టే మిడ్‌క్యాప్‌లు నాలుగు తీసుకో.

ఇప్పుడు చెప్పేది మీ అమ్మ నన్ను అడిగిన సంగతి, నాకూ రాత్రిళ్ళు గుర్తొచ్చే సంగతి. దీన్ని రెప్లికా, అంటే నకలు, అంటాం. మనకి రెప్లికా. రోడ్డు మీద చూసేవాడికి తుపాకీయే. 2014 నవంబరులో క్లీవ్‌లాండ్‌లో టమీర్ రైస్ అనే 12 ఏళ్ళ పిల్లాడు పార్కులో ఎయిర్‌సాఫ్ట్ పిస్టల్‌తో ఆడుకుంటుంటే ఎవరో పోలీసులకి ఫోన్ చేశారు. కారు వచ్చి ఆగిన క్షణాల్లోనే ఒక పోలీసు కాల్చాడు. మర్నాడు పిల్లాడు చనిపోయాడు. ఆ పిస్టల్‌కి ఉండాల్సిన ఆరెంజ్ కొన లేదు.

గన్ను కొన్నప్పుడు దాని మూతికి ఉండే ఆరెంజ్ రంగు తీయకు, నల్ల పెయింట్ వెయ్యకు. అది ఉంది కదా అని ధీమాగానూ ఉండకు, మసక వెలుతురులో ఎవరికీ కనబడదు. ఇంట్లోంచి ఫీల్డు దాకా గన్ను జిప్పు వేసిన పెట్టెలోనే ఉండాలి, ఆ పెట్టె కారు డిక్కీలోనే ఉండాలి. బ్యాటరీ విడిగా, మ్యాగజైన్ విడిగా. బాల్కనీలో పట్టుకుని ఫోటో దిగడం, పార్కింగ్ లాట్‌లో ఫ్రెండ్స్‌కి చూపించడం, కిటికీ దగ్గర గురి చూడడం, ఇవేవీ వద్దు. దారిలో పోలీసు ఆపితే చేతులు స్టీరింగ్ మీద ఉంచు, అడిగితే డిక్కీలో ఎయిర్‌సాఫ్ట్ గన్ను ఉందని నెమ్మదిగా చెప్పు, తీసి చూపించబోకు. క్యాంపస్‌లోకి ఎట్టి పరిస్థితిలోనూ తీసుకెళ్ళకు. చాలా యూనివర్సిటీలు హాస్టల్ గదుల్లో రెప్లికాలని కూడా ఒప్పుకోవు. మీ లీజు కాగితం, యూనివర్సిటీ రూల్స్ రెండూ గన్ను కొనకముందే చదువు. ఫెడరల్ చట్టం లెక్కలో ఎయిర్‌సాఫ్ట్ తుపాకీ కాదు, నిజమే. కానీ ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాడివి, ఒక క్రమశిక్షణ కేసు చదువు దాకా, వీసా దాకా పోతుంది. సెలవులకి ఇంటికి వెళ్ళేటప్పుడు తమ్ముడికి చూపిద్దామని దాన్ని సూట్‌కేసులో పెట్టకు. ఇక్కడే నా గరాజ్‌లో ఉంచి వెళ్ళు.

ఫీల్డులో సేఫ్ జోన్‌కి, అంటే గన్ను కాల్చకూడని చోటుకి, వచ్చేముందు మ్యాగజైన్ తీసి, నేలకేసి రెండు మూడుసార్లు కాల్చు. మ్యాగజైన్ తీశాక కూడా లోపల ఒక బీబీ ఉండిపోతుంది. తర్వాత సేఫ్టీ పెట్టి, మూతికి బారెల్ సంచి తొడుగు. ఇది నీ చేతికి అలవాటయ్యే దాకా నేను పక్కనే ఉండి చూస్తాను.

దెబ్బ తగిలితే చెయ్యెత్తి గట్టిగా "హిట్" అని అరువు, ఎర్ర గుడ్డ తలమీద వేసుకుని బయటికి నడువు. పెయింట్‌బాల్‌లోలా ఇక్కడ రంగు అంటదు, తగిలిందో లేదో నీకే తెలుస్తుంది. మన కుర్రాళ్ళు నలుగురైదుగురు కలిసి వస్తుంటారు, వాళ్ళు తగిలినా చెప్పరన్న పేరు రాకూడదు నాన్నా. అనుమానం ఉంటే తగిలినట్టే లెక్క.

వచ్చే శనివారం పొద్దున్న 7కి మీ ఇంటి ముందు ఉంటాను. మీ పిన్ని పులిహోర కడతానంది. అద్దె గన్ను అక్కడే తీసుకుందాం, నా దగ్గర ఇంకో మాస్కు ఉంది, కళ్ళజోడు మీద పడుతుందో లేదో శుక్రవారం రాత్రే వచ్చి పెట్టి చూడు. నీ దగ్గర బూట్లు లేకపోతే నీ సైజు మెసేజ్ చెయ్యి.

మీ బాబాయి