ఐపీ ఫోన్ ప్రశ్న దగ్గర తడబడ్డాను... నెట్‌వర్కింగ్ మానేయాలా?

ప్రశ్న: ఈసీఈలో బీటెక్ పూర్తి చేసి సీసీఎన్ఏ (సిస్కో నెట్‌వర్కింగ్ సర్టిఫికేషన్) చదువుతున్నాను. నెట్‌వర్క్ సపోర్ట్ ఇంటర్వ్యూలో ‘ఐపీ ఫోన్‌కు (కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచే ఫోన్) వేరే వీల్యాన్ (అవే కేబుళ్ల మీద విడదీసిన నెట్‌వర్క్) ఎందుకు?’ అని అడిగారు. ‘వాయిస్ ఫాస్ట్‌గా వెళ్లడానికి’ అన్నాను. ‘ఎలా వెళ్తుంది?’ అంటే నోరు పెగల్లేదు. ఇదంతా వదిలేసి అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరమని ఇంట్లో ఒత్తిడి. ఏం చేయాలి సార్?

జవాబు: ఒక్క ప్రశ్నకు దారి మార్చుకోకండి. ఉద్యోగంలో ఉన్నవాళ్లూ చాలామంది ఇక్కడే పొరబడతారు. వీల్యాన్ పని విడదీయడం వరకే. బస్టాండ్‌లో వేర్వేరు ప్లాట్‌ఫారాలు ఉన్నంత మాత్రాన ఏ బస్సూ ముందు బయల్దేరదు. అన్నీ ఒకే గేటు దగ్గరికి వచ్చినప్పుడు దేన్ని ముందు వదలాలో ఎవరో ఒకరు చూడాలి.

ఆఫీసు టేబుల్ మీది ఫోన్ వెనక చూడండి. గోడ నుంచి ఒక కేబుల్ ఫోన్‌లోకి, ఫోన్ నుంచి ఇంకోటి కంప్యూటర్‌కి. అంటే ఫోన్‌లోనే చిన్న స్విచ్ (కేబుళ్లను కలిపి డేటాను అటూ ఇటూ పంపేది) ఉంది. సాధారణంగా కంప్యూటర్ ఫ్రేములు (డేటా పొట్లాలు) ట్యాగ్ లేకుండానే వెళ్తాయి. ఫోన్ మాత్రం తన ఫ్రేములకు 4 బైట్ల 802.1క్యూ ట్యాగ్ (వీల్యాన్ చీటీ) తగిలిస్తుంది. అందులో 12 బిట్లు వీల్యాన్ నంబరు. మీరు చెప్పాల్సిన జవాబు పక్కనున్న 3 బిట్లలో ఉంది. వాటిలో 0 నుంచి 7 వరకు ప్రాధాన్యం రాయొచ్చు. వాయిస్‌కు 5 వేయడం ఆనవాయితీ. ఆ అంకెను నమ్మేలా స్విచ్‌ను సెట్ చేసి ఉంటేనే అది వాయిస్‌ను వేరే క్యూలో పెట్టి ముందు పంపుతుంది. లైన్ ఖాళీగా ఉన్నప్పుడు దీనివల్ల పెద్ద తేడా ఏమీ ఉండదు.

వాయిస్‌కు ఇంత మర్యాద ఎందుకంటే, అది అడిగేది బ్యాండ్‌విడ్త్ కాదు, సమయం. మామూలుగా జీ.711 (మాటను డిజిటల్‌గా మార్చే ఒక పద్ధతి) కాల్‌లో 20 మిల్లీసెకన్లకో ప్యాకెట్, సెకనుకు 50. మెయిల్ అర సెకను ఆలస్యమైతే ఎవరికీ తెలియదు. మాట అలా కాదు: ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకుండా చూసుకోవాలని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ సూచన.

వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది: తన వీల్యాన్ ఏదో ఫోన్‌కు ఎలా తెలుస్తుంది? స్విచ్చే ఎల్ఎల్‌డీపీ-మెడ్ అనే ప్రోటోకాల్ ద్వారా, సిస్కో వాటిలో సీడీపీ అనే ప్రోటోకాల్ ద్వారా చెబుతుంది. రూటర్ దాటితే ఆ ట్యాగ్ ఊడిపోతుంది కాబట్టి ఐపీ హెడర్‌లో డీఎస్‌సీపీ (ప్రాధాన్యం చెప్పే అంకె) 46 అని కూడా వేస్తారు. ఈ రెండో సంగతి చెప్పగలిగితే అడిగినవాళ్లే కుర్చీలో ముందుకు జరుగుతారు.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. కోడింగ్ మీద ఇష్టముంటే వెళ్లండి, ఇంటర్వ్యూ భయంతో మాత్రం వద్దు. ముందు రెండు వారాలు సిస్కో నెట్‌వర్క్ సిమ్యులేటర్ ప్యాకెట్ ట్రేసర్‌లో కూర్చోండి, డబ్బు కట్టక్కర్లేదు. ఒక స్విచ్, ఒక ఫోన్, దాని వెనక ఒక పీసీ పెట్టి, పోర్టు మీద డేటాకు వీల్యాన్ 10, వాయిస్‌కు 20 ఇచ్చి చూడండి. అందులోని 7960 మోడల్ ఫోన్‌కు పవర్ అడాప్టర్ తగిలించడం మరిచిపోవద్దు; అది మరిచి, స్విచ్‌లో తప్పుందేమోనని గంటలు వెతికే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. నిజమైన ఫోన్ దొరికి, ప్యాకెట్లను చూపే సాఫ్ట్‌వేర్ వైర్‌షార్క్‌లో చూస్తే, విండోస్ ల్యాప్‌టాప్‌లో ట్యాగ్ కనబడలేదని కంగారు పడకండి. చాలాసార్లు నెట్‌వర్క్ కార్డు డ్రైవరే దాన్ని తీసేస్తుంది.

ఈ రెండు వారాల్లో విసుగు పుడితే అప్పుడు అమీర్‌పేట గురించి ఇంట్లో మాట్లాడండి. విసుగు పుట్టకపోతే సీసీఎన్ఏ పరీక్షకు తేదీ తీసుకోండి.