బొమ్మను నమ్మే ముందు

అమ్ములూ,

నీ ఉత్తరం చేరింది. నాన్‌లీనియర్ డైనమిక్స్‌లో, అందులోనూ సంక్లిష్ట నెట్‌వర్కుల మీద పీహెచ్‌డీ మొదలుపెట్టానని రాశావు. చాలా సంతోషం. ‘ఏ సమస్య తీసుకోమంటారు పెదనాన్నా?’ అని అడిగావు. అది నువ్వూ నీ గైడూ కూర్చుని తేల్చుకోవలసిన విషయం, నేను వేలు పెట్టను. నేను చెప్పదలచింది వేరు. మన రంగంలో బొమ్మలు చాలా తేలికగా పుడతాయి. ఇరవై వరుసల ప్రోగ్రాము రాస్తే చాలు, తెర మీద రెక్కలు విప్పుకున్న ఆకారమో, గుంపులు గుంపులుగా మెరిసే చుక్కలో ప్రత్యక్షమవుతాయి. ఆ బొమ్మ ఎంత ముచ్చటగా ఉంటే అంత గట్టిగా అనుమానించాలి. ఈ బుద్ధి నాకు ఆలస్యంగా వచ్చింది, అదీ దెబ్బ తిన్నాక.

ముందు ఒక చిన్న పని చెయ్యి. సున్నాకీ ఒకటికీ మధ్య 0.1 లాంటి సంఖ్య తీసుకో. దాన్ని రెట్టింపు చెయ్యి, జవాబు ఒకటైనా, ఒకటి దాటినా అందులోంచి ఒకటి తీసెయ్యి, మళ్ళీ రెట్టింపు చెయ్యి. కేయాస్, అంటే చిటికెడు తేడా త్వరత్వరగా పెరిగిపోయి ముందేం జరుగుతుందో చెప్పలేని స్థితి, దాని పాఠాల్లో మొట్టమొదట చెప్పే ఉదాహరణ ఇదే. కాగితం మీద, దాదాపు ఏ సంఖ్యతో మొదలుపెట్టినా ఇది ఎక్కడా కుదురుగా నిలవదు. కంప్యూటర్‌లో నడిపి చూడు. యాభై అయిదు అడుగులు, కాస్త అటూ ఇటూగా, పడేసరికి సున్నా దగ్గర చతికిలబడుతుంది, ఇక లేవదు. కారణం తెలిస్తే నవ్వు వస్తుంది. యంత్రం సంఖ్యను 53 బిట్లలో, అంటే సున్నా-ఒకటి అంకెల్లో, దాచుకుంటుంది. ప్రతి రెట్టింపూ ఒక బిట్టును ముందుకు తోస్తుంది, ఒకటి తీసేసినప్పుడల్లా ముందున్న బిట్టు పోతుంది. దాచుకున్నవి అయిపోయాక మిగిలేది సున్నాయే. గణితం చెప్పేది ఒకటి, యంత్రం చూపించేది దానికి పూర్తిగా విరుద్ధం.

ఇది తెలిసి కూడా నేను మోసపోయాను. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో ఒకే రకం కేయాటిక్ డోలకాలు, అంటే క్రమం తప్పి ఊగే వ్యవస్థలు, నలభై తీసుకుని, ప్రతిదాన్నీ మిగతా అన్నిటితోనూ కలిపాను. కొంతసేపటికి అవి రెండు గుంపులయ్యాయి. ఏ గుంపుకు ఆ గుంపు ఒకే లయలో ఆడుతోంది. ఎవరూ ఊహించని చోట ఊహించని క్రమం! ఎనిమిది నెలలు దాని చుట్టూనే తిరిగాను. పేపరు రాశాను, పంపాను. సహరచయిత అదే లెక్కను మరో యంత్రం మీద, ఇంకొంచెం ఎక్కువ కచ్చితత్వంతో నడిపితే గుంపులు రాలేదు.

జరిగింది ఇది. రెండు డోలకాలు తిరుగుతూ తిరుగుతూ ఒకదానికొకటి బాగా దగ్గరకు వచ్చినప్పుడు, ఏదో ఒక క్షణంలో వాటి విలువలు చివరి బిట్టు దాకా సమానమైపోయాయి. అక్కడి నుంచి రెండింటికీ ఒకే లెక్క, ఒకే జవాబు. ఆ స్థితి నిజానికి అస్థిరమే. ఏ చిన్న కుదుపు తగిలినా అవి విడిపోవాలి. కానీ నా ప్రోగ్రాములో కుదుపు అనేదే లేదు. పదో దశాంశ స్థానంలో రవ్వంత రొద కలపగానే నా గుంపులు మంచులా కరిగిపోయాయి. కాగితం తీసుకుని, ఆ లయకు అడ్డంగా వచ్చే తేడా పెరుగుతుందా తరుగుతుందా అని చూసే ల్యాపునోవ్ ఘాతాన్ని మొదట్లోనే లెక్క వేసుకుని ఉంటే రెండు వారాల్లో తేలిపోయేది. లూయీ పెకోరా, థామస్ కారల్ 1998లో ఇచ్చిన పద్ధతి అందుకు పనికొచ్చేదే. నెట్‌వర్కు అల్లికను ఒక పక్క, డోలకం స్వభావాన్ని ఇంకో పక్క విడదీసి, ఆ అల్లిక తీరును చెప్పే సంఖ్యలకు, అంటే ఐగెన్ విలువలకు, ఒక్కోదానికీ విడిగా ప్రశ్న వేస్తుంది. కంప్యూటర్ ముందు కూర్చునే ముందు దాన్ని చేత్తో చెయ్యి.

పేపరు వెనక్కి తీసుకునేటప్పుడు సిగ్గుతో చచ్చిపోయాను. అప్పుడు నాకు ఊరటనిచ్చింది ఫ్రెంచి గణితవేత్త పాయింకరే కథ. ఒకదాన్నొకటి ఆకర్షించుకునే మూడు గోళాలు ఎలా కదులుతాయన్న సమస్య మీద రాసిన వ్యాసానికి ఆయనకు 1889లో స్వీడన్ రాజు ఆస్కార్ పేరిట బహుమతి వచ్చింది. అచ్చుకు సిద్ధమవుతుండగా లోపల తప్పు బయటపడింది. అచ్చయిన ప్రతులను వెనక్కి తెప్పించి, సరిదిద్దిన వ్యాసం మళ్ళీ అచ్చు వేయించడానికి ఆయన తన జేబులోంచి కట్టింది 3,585 క్రోనర్లు. బహుమతి సొమ్ము 2,500. కానీ ఆ సరిదిద్దిన వ్యాసంలోనే మనం ఇవాళ కేయాస్ అంటున్న చిక్కుముడి మొదటిసారి కనబడింది. నా పేపరులో అలాంటి నిధి ఏదీ దొరకలేదనుకో!

ఇదంతా విని కంప్యూటర్ మీద కోపం పెంచుకోకు. వాతావరణ శాస్త్రవేత్త లోరెంజ్ 1963లో చూపించిన, రెండు రెక్కలున్న ఆకారం మన రంగంలో అందరికీ తెలుసు. కానీ అది నిజంగా విచిత్ర ఆకర్షకమేనా, అంటే కదలికలన్నీ వచ్చి చేరినా ఎన్నడూ కుదురుకోని ఆకారమేనా, లేక లెక్క దోషాలు అల్లిన భ్రమా అన్నది చాలాకాలం తేలలేదు. 1999లో వార్విక్ టక్కర్ తేల్చారు, అదీ కంప్యూటర్‌తోనే. తేడా ఎక్కడంటే, ఆయన ప్రతి లెక్కలోనూ ఒక్క సంఖ్యకు బదులు రెండు హద్దుల మధ్య ఉండే అంతరాన్ని పట్టుకుని నడిచారు. దోషం ఎంతైనా ఆ హద్దు లోపలే ఉండి తీరుతుంది. ముప్ఫై ఆరేళ్ళు పట్టిందని గుర్తుంచుకో. నీ పీహెచ్‌డీకి అంత సమయం ఇవ్వరు, సరే.

నెట్‌వర్కుల వైపు ప్రమాదం ఇంకో రకంగా వస్తుంది. అక్కడ మోసం చేసేది లాగ్-లాగ్ గ్రాఫు, అంటే రెండు అక్షాల మీదా లాగరిథమ్‌లు వేసిన గ్రాఫు, దాని మీద సరళరేఖ. బరబాసి, ఆల్బర్ట్ 1999లో రాసిన పేపరు తర్వాత ప్రతివాళ్ళూ తమ డేటాలో ఘాత నియమాన్ని చూశారు, అంటే కొద్ది నోడ్‌లకు (నెట్‌వర్కులోని బిందువులకు) చాలా లింకులు, చాలా నోడ్‌లకు కొద్ది లింకులు ఉండే తీరును. నేనూ చూశాను, స్కేలు పెట్టి గీత కూడా గీశాను. లాగ్-లాగ్ మీద కళ్ళు చికిలించి చూస్తే ఏదైనా సరళరేఖలాగే కనిపిస్తుందని 2009లో క్లాసెట్, షలిజీ, న్యూమన్ సరైన గణాంక పరీక్షలు రాసి ఇచ్చాక గాని నాకు బుద్ధి రాలేదు. 2019లో బ్రోయిడో, క్లాసెట్ దాదాపు వెయ్యి నెట్‌వర్కులను పరీక్షిస్తే ఘాత నియమానికి బలమైన ఆధారం ఉన్నవి నాలుగు శాతమే. దాని మీద పెద్ద రగడ జరిగింది. నా మటుకు నాకు అందులో సగం నిర్వచనాల మీద తగవు అనిపిస్తుంది. అయినా, పరీక్ష పెట్టకుండా ఘాత నియమం అనే మాట వాడకు.

డేటా ఎక్కడి నుంచి వచ్చిందో కూడా అడుగు. నెట్‌వర్కుల మీద వాట్స్, స్ట్రోగాట్జ్ రాసిన 1998 పేపరులో సి. ఎలిగాన్స్ అనే చిన్న పురుగు నాడీవ్యవస్థ ఉంది. ఆ పురుగుకు నాడీకణాలు 302. పేపరులో ఉన్న నోడ్‌లు 282. మిగతా ఇరవై గొంతు భాగంలో విడి వ్యవస్థగా ఉంటాయి కాబట్టి లెక్కలోకి రాలేదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద కోతలు చూస్తూ ఆ అల్లికను గీసినవాళ్ళు ఏళ్ళ తరబడి కష్టపడ్డారు. మనం ఒక్క నిమిషంలో దించుకుంటాం. ఆ పట్టిక తయారుచేసినవాళ్ళతో ఒక గంట మాట్లాడితే, పది పేపర్లలో దొరకని సంగతి దొరుకుతుంది.

నువ్వు ఎంతో ఇష్టపడి చెప్పుకునే వివరణ కూడా ఒకనాడు మారవచ్చు. లండన్ మిలీనియం వంతెన 2000 జూన్ 10న తెరిచారు, అటూ ఇటూ ఊగుతుంటే రెండు రోజులకు మూసేశారు. నడిచేవాళ్ళ అడుగులు ఒకే లయలో పడటం వల్లే ఊగిందని, డోలకాలు లయ కలుపుకోవడాన్ని వర్ణించే కురమోటో నమూనా సాయంతో నేను ఎన్నో ఏళ్ళు పాఠం చెప్పాను. పిల్లలకు బాగా నచ్చే పాఠం అది. 2021లో వచ్చిన ఒక పేపరు దాన్ని తలకిందులు చేసింది. ఊగే నేల మీద ఒరగకుండా ప్రతి మనిషీ పాదాన్ని పక్కకు సర్దుకుంటాడు. అలా సర్దుకోవడమే సగటున వంతెనకు శక్తినిస్తుంది. లయ కలిసినా అది ఊగడం వల్ల కలిసిందే గాని, ఊగడానికి కారణం కాదు. ఆ సెలవుల్లో నా నోట్సు కొట్టేసి మళ్ళీ రాసుకున్నాను. కష్టంగానే ఉంది, మంచి కథ పోయింది కదా.

జర్నళ్ళ గురించి పెద్దగా చెప్పను. గణితం పత్రిక రివ్యూయరు నిరూపణ ఏదంటాడు, భౌతికశాస్త్రం పత్రికవాడు ప్రయోగం ఏదంటాడు. మొదటి రెండేళ్ళు ఒక వైపే నిలబడు. నీకు నిరూపణల మీద మనసుందని నాకు తెలుసు కాబట్టి అటే ఉండమంటాను. రెండోవైపు భాష తర్వాత తీరిగ్గా వస్తుంది.

ఇక నాకో పని చేసిపెట్టు. పైన చెప్పిన రెట్టింపు లెక్కను ఈసారి మూడో వంతుతో మొదలుపెట్టు. కాగితం మీద అది మూడో వంతుకీ మూడింట రెండు వంతులకీ మధ్య కలకాలం తిరుగుతూనే ఉంటుంది. యంత్రం మీద ఎన్నో అడుగుకు సున్నా అయిందో, ఎందుకయిందో రాసి పంపు. అంతకు ముందు ప్రోగ్రాము నడపకుండా ఒక అంచనా వేసుకుని, అది కూడా రాయి. తప్పయినా దిద్దకు.

నీ పెదనాన్న