గ్రౌండ్‌లో పరుగెత్తే పిల్లల ఏకాగ్రతను హెడ్‌బ్యాండ్‌తో కొలవొచ్చా?

సార్, అనంతపురం దగ్గర ఒక స్కూల్లో పీఈటీగా ఉన్నానని, పొద్దున గ్రౌండ్‌లో పరుగెత్తే పిల్లలకు బ్రెయిన్ హెడ్‌బ్యాండ్ పెట్టి ఎవరి ఏకాగ్రత ఎంతో చూడాలని ఉందని, కొనమంటారా అని అడిగారు. వద్దు సార్. కొని చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా.

అనంతపురంలోనే బీటెక్ చివరి ఏడాది, ప్రాజెక్టు కోసం ముగ్గురం డబ్బులు వేసుకుని నుదుటికి కట్టుకునే బ్యాండ్ ఒకటి తెప్పించాం. ఫోన్‌లో సున్నా నుంచి వంద దాకా ‘అటెన్షన్’ అంకె చూపిస్తుంది. ఒక సాయంత్రం గ్రౌండ్ మెట్ల మీద కూర్చుని ఉడకబెట్టిన శెనక్కాయలు తింటున్నాం. బ్యాండ్ మావాడి తలకే ఉంది, తీయలేదు. వాడు నమిలినంతసేపూ అంకె తొంభై దగ్గర, ఆపగానే సగానికి కింద. నమ్మకం కుదరక రెండో పొట్లం కూడా తెప్పించి అదే చూశాం. అప్పుడు నవ్వుకున్నాం గానీ, రాత్రికి గైడ్‌కి ఏం చెప్పాలా అని టెన్షన్ పట్టుకుంది.

సంగతేమంటే, ఈ బ్యాండ్ పట్టేది మెదడు విద్యుత్ సంకేతాన్ని. తల పైన దొరికే ఆ సంకేతం కొన్ని పదుల మైక్రోవోల్టులే, మైక్రోవోల్టు అంటే వోల్టులో పది లక్షలో వంతు. పళ్లు బిగిస్తే దవడ, కణతల కండరాల నుంచి వచ్చేది దానికి ఎన్నో రెట్లు. పైగా శ్రద్ధకు గుర్తుగా చెప్పుకునే బీటా తరంగాలు సెకనుకు 13 నుంచి 30 సార్లు ఊగుతాయి. కండరాల రొద కూడా అక్కడికే వచ్చి పడుతుంది. ఇక పరుగెత్తే పిల్లాడు పళ్లు బిగించకుండా ఉంటాడా? అడుగు పడినప్పుడల్లా బ్యాండ్ కదులుతుంది, చెమట పడితే సిగ్నల్ మెల్లగా పైకీ కిందికీ జారుతుంది. మన ఏప్రిల్ ఎండలో ఎనిమిదింటికే చెమట కారుతుందని మీకు నేను చెప్పక్కర్లేదు.

మా గైడ్ ఆ అంకెను పక్కన పడేయమన్నారు. చెవిలో ఒకే రకం బీప్ వరసగా వినిపిస్తూ, ఐదింటిలో ఒకటి వేరే బీప్ పెట్టమన్నారు. మనిషి ఆ వేరే బీప్‌లను లెక్కపెడుతుంటే, అది విన్న సుమారు 300 మిల్లీసెకన్ల తర్వాత మెదడు సంకేతంలో ఒక చిన్న గుబ్బ లేస్తుంది. దాన్నే పీ300 అంటారు. ఒక్కసారికి కనబడదు, పదుల సార్లు విన్నవాటి సగటు తీస్తేనే తేలుతుంది. అది నడినెత్తికి కాస్త వెనక బాగా దొరుకుతుంది, అంటే నుదుటి బ్యాండ్ ఇక్కడా పనికిరాదు. ల్యాబ్‌లోని టోపీ అడిగి తెచ్చుకున్నాం, దాని నిండా తలకు ఆనించి సంకేతం పట్టే ఎలక్ట్రోడ్లు ఉంటాయి. మొదటి రోజు మావాడు తలకు కొబ్బరినూనె దట్టంగా పెట్టుకొచ్చాడు, ఎలక్ట్రోడ్ ఒక్కటీ సరిగ్గా పట్టలేదు. షాంపూతో తలంటుకుని రమ్మని పంపేశాం. రెండో రోజు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు దెబ్బేశాయి. శబ్దం చెవికి ఆలస్యంగా చేరేసరికి టైమింగ్ అంతా తప్పు. చివరికి వైరు ఇయర్‌ఫోన్లతో కుదిరింది.

కూర్చున్నప్పుడు గుబ్బ స్పష్టంగా వచ్చింది, నడిచినప్పుడు చిన్నదైంది, పరుగెత్తినప్పటి రికార్డింగ్ మొత్తం పారేశాం. జర్మనీలో ఓల్డెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2012లోనే ఆరుబయట నడిపించి చూస్తే, కూర్చున్నప్పటికంటే పీ300 తగ్గింది. కెనడాలో అల్బెర్టా విశ్వవిద్యాలయం వాళ్లు బయట సైకిల్ తొక్కించినా తగ్గింది. దారి చూసుకోవడానికి, బండ్లు తప్పించుకోవడానికి మెదడు కొంత ఖర్చుపెడితే బీప్‌కి మిగిలేది తక్కువ. అంతేగానీ ఆ మనిషికి ఏకాగ్రత లేదని కాదు.

మీకు కావలసింది మెషీన్ లేకుండానే అవుతుంది సార్. ఫోన్‌లో రెండు రకాల బీప్‌లు రికార్డు చేసి స్పీకర్లో పెట్టండి, వేరే బీప్ ఎన్నిసార్లు వచ్చిందో పిల్లల్ని లెక్కపెట్టమనండి. ఒకసారి కూర్చుని, ఒకసారి నెమ్మదిగా పరుగెత్తుతూ. ఏ పిల్లాణ్ణైనా వాడితోనే పోల్చండి, పక్కవాడితో వద్దు. తల్లిదండ్రులకు ఒక మాట ముందే చెప్పండి.

మావాడు కూర్చున్నప్పుడు ఒక్క బీప్ కూడా తప్పలేదు. గ్రౌండ్ చుట్టూ నడిపిస్తే మాత్రం, గోడ అవతల బస్సు హారన్ కొట్టినప్పుడల్లా లెక్క మర్చిపోయి మా మొహాలు చూసేవాడు.