తెలిసినా చెయ్యెత్తని పిల్లలు

ప్రశ్న: కావలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్స్ చెబుతాను. ఎనిమిదో తరగతిలో ఏమడిగినా ఆ నలుగురే చేతులెత్తుతారు. ఒకమ్మాయి పరీక్ష బాగా రాస్తుంది, లేపితే మాత్రం తల దించుకుంటుంది. ఎట్లా మాట్లాడించాలి?

జవాబు: టీచర్ గారూ, ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నారో రేపు గమనించండి. 1970ల్లో అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు తరగతి గదుల్లో ఇదే చూశారు. చాలామంది టీచర్లు ఒక సెకను మించి ఆగడం లేదు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవయ్యాయి, చెప్పేవాళ్లూ పెరిగారు. ఇంగ్లీషు మీడియంలో మన పిల్లలు తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో కూర్చుకోవాలి కాబట్టి ఇంకాస్త ఎక్కువే ఆగండి. అంతవరకూ ఎవరూ చెయ్యెత్తకూడదనండి.

"ఇనుము తుప్పు పట్టాలంటే ఏమేం కావాలి?" అని బోర్డు మీద రాయండి. ఒక నిమిషం రఫ్ నోట్సులో రాసుకోనివ్వండి, రెండు నిమిషాలు పక్కవాళ్లతో చెప్పుకోనివ్వండి. ఆలోగా బెంచీల మధ్య తిరుగుతూ ఆ అమ్మాయి నోట్సు చూసి, "ఇది బాగుంది, కాసేపట్లో నిన్నడుగుతా, చదివితే చాలు" అని మెల్లగా చెప్పండి. చెప్పాపెట్టకుండా లేపడమే అసలు భయం. మొదటి రెండు వారాలు కూర్చునే చదవనివ్వండి, తెలుగులో అయినా సరే. ఇంగ్లీషు మాట మీరు అందించండి.

చాలాసార్లు ఆ తర్వాతే చెడుతుంది. గొంతు లేస్తుందో లేదో అప్పుడే "గట్టిగా చెప్పు" అంటాం, లేదా అందరిచేతా చప్పట్లు కొట్టిస్తాం. తరగతంతా తనవైపు తిరిగితే మర్నాడు మళ్లీ మౌనమే. మీరే దగ్గరికెళ్లి విని, అందరికీ వినిపించండి. "గాలి" అని ఆగిపోతే, "గాలి సరే, ఇంకోటి?" అనండి. వెంటనే వేరేవాళ్లను లేపొద్దు. "నోరు తెరిస్తే ముత్యాలు రాలతాయా" అనే ఎత్తిపొడుపు సరదాకైనా వద్దు.

మధ్యాహ్న భోజనం దగ్గర స్నేహితులతో మాట్లాడుతోందా చూడండి. ఇంట్లో గలగలా మాట్లాడి, బళ్లో నెల దాటినా ఎవరితోనూ పలకకపోతే అది మొండితనం కాకపోవచ్చు, పిల్లల మానసిక నిపుణులకు చూపించాలి. మీ పెదవులకేసే చూస్తున్నా, అడిగిందొకటి చెప్పేదొకటి అవుతున్నా చెవులు పరీక్ష చేయించండి. పిల్లల ఆరోగ్య పరీక్షలకు బడికొచ్చే ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) వైద్య బృందానికి చెప్పినా చాలు. తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు అమ్మాయిని పక్కన నిలబెట్టొద్దు.

ఇక ఆ నలుగురినీ మానిపించక్కర్లేదు. "నీ జవాబు కాదు, నీ పక్కనున్నవాళ్లు ఏమన్నారో చెప్పు" అనండి. అప్పుడు వాళ్లే పక్కవాళ్లను అడిగి తెలుసుకుంటారు.