సింకులో నీళ్లు నిలిచిపోతే

ప్రశ్న: మా వంటింటి సింకులో నీళ్లు పోవడం లేదు. బేకింగ్ సోడా వేసి వెనిగర్ పోస్తే నురగ బాగానే వచ్చింది, నీళ్లు మాత్రం కదల్లేదు. డ్రెయిన్ క్లీనర్ పొడి వేయమని ఒకరు, వద్దని ఇంకొకరు అంటున్నారు. ప్లంబర్‌ని పిలవకుండా నేనే బాగుచేసుకోవచ్చా?

జవాబు: చక్కగా చేసుకోవచ్చు. సోడా, వెనిగర్ కలిస్తే ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి, ఆ నురగ కార్బన్ డయాక్సైడ్ తప్ప మరేం కాదు, గట్టిపడిన జిడ్డును అది కదపలేదు. ముందు ఒకటి చూడండి: బాత్రూమ్‌లో కూడా నీళ్లు నిలుస్తున్నాయా? నిలుస్తుంటే అడ్డు మెయిన్ లైన్‌లో (ఇంట్లోని మురుగునీళ్లన్నీ బయటికి పోయే గొట్టంలో) ఉన్నట్టు, అప్పుడు ప్లంబర్‌నే పిలవండి. సింకు ఒక్కటే అయితే మొదట ప్లంజర్ వాడండి. దాని రబ్బరు కప్పు మునిగేంత నీళ్లు ఉంచి, సింకు పై అంచు దగ్గర ఓవర్‌ఫ్లో రంధ్రం ఉంటే తడిగుడ్డ కుక్కి (లేకపోతే గాలంతా అటే పోతుంది), గబగబా ఓ ఇరవైసార్లు నొక్కి లాగండి. నొక్కడం మీదే దృష్టి పెడతారు చాలామంది, లాగడం కూడా అంతే ముఖ్యం.

అప్పటికీ కదలకపోతే సింకు కింద ట్రాప్ (గొట్టంలో కొన్ని నీళ్లు నిలిచి ఉండే వంపు, లేదా సీసాలాంటి భాగం) విప్పాల్సిందే. అడ్డు ఎక్కువగా ఉండేది అక్కడే, కానీ జనం చివర్లో చూసేదీ అదే! కింద బకెట్ పెట్టి, గ్లవ్స్ వేసుకుని, బాటిల్ ట్రాప్ అయితే అడుగున ఉన్న కప్పును, వంపు గొట్టమైతే రెండు పక్కలా ఉన్న నట్లను చేత్తోనే తిప్పండి. నల్లటి జిడ్డుముద్ద, అందులో ఇరుక్కున్న తిండి ముక్కలు, ఒక్కోసారి ఎప్పుడో పోయిన చిన్న చెంచా కూడా బయటపడతాయి. వాసన భరించలేరు, కిటికీ తీసి పెట్టుకోండి. విప్పిన ముక్కను మాత్రం అదే సింకులో కడగకండి, నీళ్లన్నీ మీ కాళ్ల మీదే పడతాయి. మళ్లీ బిగించేటప్పుడు రబ్బరు వాషర్ సరిగ్గా కూర్చుందో లేదో చూసుకుని చేత్తో బిగిస్తే చాలు, స్పానర్‌తో బలంగా తిప్పితే ప్లాస్టిక్ చిట్లుతుంది. నీళ్లు వదిలి, జాయింట్ల చుట్టూ పొడి కాగితం అద్దితే ఎక్కడ కారుతోందో తెలిసిపోతుంది. ఇక ట్రాప్‌లో ఎప్పుడూ కొన్ని నీళ్లుంటాయి, అది లోపం కాదు, డ్రెయినేజీ వాసన పైకి రాకుండా ఆపేది ఆ నీళ్లే.

ట్రాప్ శుభ్రంగానే ఉంటే అడ్డు గోడలోకి వెళ్లే గొట్టంలో ఉన్నట్టు. డ్రెయిన్ స్ప్రింగ్ వైరును లోపలికి పంపి, తగిలిన చోట తోయకుండా మెల్లగా తిప్పుతూ వెళ్లండి.

పొడి సంగతికొస్తే, నా ఓటు వద్దన్నవాళ్లకే. చాలా పొడుల్లో ఉండేది కాస్టిక్ సోడా. నీళ్లు తగలగానే విపరీతంగా వేడెక్కుతుంది, చర్మాన్నీ కళ్లనూ కాలుస్తుంది. నీళ్లు అస్సలు కదలని చోట అది అడ్డు దాకా చేరక, ఉన్నచోటే గట్టి గడ్డలా పేరుకుపోవచ్చు కూడా. ఒకవేళ ఈపాటికే వేసి ఉంటే ప్లంజర్ వాడకండి, ట్రాప్ విప్పకండి, వచ్చే ప్లంబర్‌కి ఆ మాట ముందే చెప్పండి. యాసిడ్‌నూ బ్లీచ్‌నూ ఎప్పుడూ కలపకండి, విషపూరితమైన క్లోరిన్ గ్యాస్ వస్తుంది. మరిగే నీళ్లు కూడా వద్దు, పీవీసీ గొట్టం మెత్తబడుతుంది, చెయ్యి పట్టేంత వేడి చాలు.

అన్నట్టు, సింకు కింద మీకున్నది ముడతల ఫ్లెక్సిబుల్ పైపైతే, జిడ్డంతా ఆ ముడతల్లోనే పట్టుకుంటుంది. ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి దాని బదులు నున్నటి పైపు పెట్టేయండి.